ఎల్ కమీనో: ముందు కారు, వెనక తొట్టి. దీని కథ తెలిసినవారు ఎవరైనా ఉన్నారా?

డాలస్ రఘు

అందరికీ నమస్కారం. మా ఇంటికి పది మైళ్ల దూరంలో ఒక పెద్దాయన తన షెవ్రొలే ఎల్ కమీనోను అమ్మకానికి పెట్టారు. 1968 మోడల్, అందులోనూ "ఎస్ఎస్ 396" (సూపర్ స్పోర్ట్, అంటే పెద్ద ఇంజిన్ ఉన్న వేగం రకం) అని ప్రకటనలో ఉంది. మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి ప్రస్తుతం మా దగ్గరే ఉన్నారు. ఫొటో చూసి, "ముందేమో పెళ్లికొడుకు ఎక్కే కారు, వెనకేమో మిర్చి బస్తాలు వేసే బండి. రెండింటినీ ఎవరు అతికించారురా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. శనివారం వెళ్లి చూడాలనుకుంటున్నాను. ఈలోగా దీని పుట్టుపూర్వోత్తరాలు ఎవరైనా చెబుతారా? ఎస్ఎస్ అన్న మాట నిజమో కాదో తేల్చుకునే మార్గం ఉంటే అదీ చెప్పండి. ఆయన అడుగుతున్న ధరంతా ఆ రెండక్షరాలకే.

వ్యాగన్ వేణు

రఘు గారూ, మీ నాన్నగారి ప్రశ్న బాగుంది కానీ జవాబు తలకిందులుగా ఉంటుంది. ఎవరూ ఏదీ అతికించలేదు, ఉన్నదాన్ని తీసేశారు. స్టేషన్ వ్యాగన్ (సామాను చోటు మీదుగా చివరిదాకా పైకప్పు ఉండే కారు) తీసుకుని ముందు సీటు వెనక నుంచి పైకప్పు తొలగించి, మిగిలిన చోటును తొట్టి చేస్తే ఎల్ కమీనో. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే దాని చరిత్రంతా అర్థమవుతుంది. ఈ బండి ఏనాడూ సొంత కాళ్ల మీద నిలబడలేదు. పక్కన ఏ కారు ఉంటే దాని కాళ్ల మీదే నిలబడింది.

మొదట దారి చూపింది ఫోర్డ్. 1957లో రెండు తలుపుల వ్యాగన్ ఆధారంగా "రాంచెరో" తెచ్చారు. షెవ్రొలే చేతిలో అప్పటికి "కేమియో క్యారియర్" ఉంది. అది 1955లో వచ్చిన పికప్పు. అసలైన ట్రక్కుకే ఫైబర్‌గ్లాస్ పక్కపలకలు తగిలించి నాజూకు చేశారు. చూడముచ్చటగా ఉండేది, ధర మాత్రం ఎక్కువ. 1958 దాకా మొత్తం పది వేల పైచిలుకు అమ్ముడయ్యాయి, అంతే. రాంచెరో ఊపు చూశాక షెవ్రొలే మేల్కొని 1959 మోడల్‌గా ఎల్ కమీనో దించింది. స్పానిష్‌లో ఆ పేరుకు "దారి" అని అర్థం. పేరు కొత్తది కాదు, 1954లో క్యాడిలాక్ ప్రదర్శన కారు ఒకదానికి పెట్టిందే.

1959 మోడల్ ఫొటో వెతికి చూడండి. వెనక రెక్కలు గబ్బిలం రెక్కల్లా అడ్డంగా పరుచుకుని ఉంటాయి. ఆ రెక్కల మధ్య ఎరువు బస్తాలు వేసుకున్న రైతును ఊహించుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. తొట్టి అడుగున ముడతల ఉక్కురేకు ఉంటుంది. షెవ్రొలే పికప్పుల్లో కర్రపలకలకు బదులు ఉక్కు నేల వేయడం ఇందులోనే మొదలు. ఆ రేకు 26 బోల్టులతో బిగించి ఉంటుంది. విప్పితే కింద షెవ్రొలే వారి బ్రూక్‌వుడ్ వ్యాగన్ నేల చెక్కుచెదరకుండా కనబడుతుంది. దాచిపెట్టిన పుట్టుమచ్చ లాంటిది.

సందేహాల సుబ్బు

వేణు గారూ, అడుగున కారే ఉంటే బరువు ఏం మోస్తుంది? ఇది అలంకారమే కదా? పేరుకు ట్రక్కు.

వ్యాగన్ వేణు

సుబ్బు గారూ, 1959 మోడల్ ఇంజిన్‌ను, స్ప్రింగులను బట్టి సుమారు 295 నుంచి 520 కిలోల దాకా మోస్తుంది. రాంచెరోకు వెనక కమాన్ కట్టలు, ఎల్ కమీనోకు నాలుగు చక్రాలకూ కాయిల్ స్ప్రింగులు. అందుకే ఖాళీగా వెళుతున్నా ట్రక్కులా ఎగరేయదు. కారులాగే మెత్తగా పోతుంది. ఇంటి సామాను, చిన్న వ్యాపారం, తోటపని లాంటివాటికి అంతకంటే ఏం కావాలి?

మెల్‌బోర్న్ మాధవి

అమెరికాలో మొదలైనట్టు రాస్తుంటే ఊరుకోలేకపోతున్నాను, క్షమించండి. ఈ కథ ఆస్ట్రేలియాలో 1932లోనే మొదలైంది. విక్టోరియా రాష్ట్రంలోని గిప్స్‌ల్యాండ్ ప్రాంతం నుంచి ఒక రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసింది. ఆదివారం తడవకుండా చర్చికి వెళ్లాలి, సోమవారం పందులను సంతకు తోలుకెళ్లాలి, రెండు బండ్లు కొనే స్తోమత లేదు, ఒక్కదానితోనే రెండు పనులూ అయ్యేట్టు చేసి పెట్టండి అని దాని సారాంశం. ఆ రోజుల్లో బ్యాంకులు రైతుకు పని బండికైతే అప్పిచ్చేవి, షోకు కారుకు ఇచ్చేవి కావు. ఆమె తెలివి చూడండి! జీలాంగ్ కర్మాగారంలో లూయిస్ బాండ్ట్ అనే ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రవాడు గీసిన బొమ్మతో 1934లో "కూపే యుటిలిటీ" బయటికొచ్చింది. ఇక్కడ అందరూ "యూట్" అంటారు. మేము ఈ దేశం వచ్చిన కొత్తలో సామాను మోసింది మా పక్కింటివాళ్ల యూటే. మంచం, పరుపు, వెట్ గ్రైండరు అన్నీ ఒక్క విడతలో.

సందేహాల సుబ్బు

అమెరికాలో 1957కు ముందు ఎవరికీ ఈ ఆలోచన రాలేదా?

వ్యాగన్ వేణు

మాధవి గారికి పూర్తి మార్కులు, నేను అమెరికా నుంచి మొదలుపెట్టడం తప్పే. సుబ్బు గారూ, వచ్చింది. స్టూడీబేకర్ "కూపే ఎక్స్‌ప్రెస్" 1937 నుంచి 1939 దాకా నడిచింది. హడ్సన్ కూడా 1947 దాకా కారు ఆధారంగా పికప్పులు చేసింది. అయితే వాటిలో ముందు భాగమే కారు, తొట్టి విడిగా బిగించినదే. బాండ్ట్ గొప్పతనం ఏమిటంటే కారు పక్కలనూ తొట్టి పక్కలనూ ఒకే రేకుగా కలిపేశాడు. బాండ్ట్ చివరి రోజు గురించి కూడా చెప్పండి మాధవి గారూ, అది మీరు చెబితేనే బాగుంటుంది.

మెల్‌బోర్న్ మాధవి

చెప్పడానికి బాధగానే ఉంటుంది. తాను బాగుచేయించుకున్న పాత యూట్ నడుపుతూ 1987లో రోడ్డు ప్రమాదంలో పోయారాయన. తన సృష్టిలోనే కూర్చుని.

ఆటోనగర్ మస్తాన్

విజయవాడ ఆటోనగర్ నుంచి సలాం. చదువుతుంటే మా అబ్బాజాన్ చెప్పిన మాట ఒకటి గుర్తొచ్చింది. మా షెడ్డుకు ఒక చేపల వ్యాపారి పాత అంబాసిడర్ తెచ్చి, వెనక సీటూ పైకప్పూ కోసేసి తొట్టి చేసిపెట్టమన్నాడట. అబ్బాజాన్ వద్దంటున్నా వినలేదు. కోశారు. వారం తిరక్కుండా బండి తిరిగొచ్చింది. ముందు తలుపులు పడటం లేదు! అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ (అడుగున ఇనుప చట్రం) లేదు కదా, ఒంటి రేకే దానికి వెన్నెముక. పైకప్పు తీసేసరికి మధ్యలో అరటి బోదెలా కుంగింది. కింద ఇనుప పట్టీలు వెల్డింగ్ చేస్తే గానీ నిలబడలేదు.

ఎల్ కమీనోకు ఆ జబ్బు ఎందుకు రాలేదు వేణు గారూ?

వ్యాగన్ వేణు

మస్తాన్ భాయ్, అసలు కిటుకు పట్టుకున్నారు. ఎల్ కమీనో కింద మొదటి నుంచి చివరి దాకా విడి ఛాసిస్ ఉంది. పైన ఏం కోసినా బరువు మోసేది అదే. కానీ 1960లో ఫోర్డ్ తన రాంచెరోను చిన్నదైన ఫాల్కన్ మీదికి మార్చింది. ఫాల్కన్‌కు మీ అంబాసిడర్ లాగే విడి ఛాసిస్ లేదు. అడుగుభాగం వ్యాగన్‌ది కావడంతో, బలాలు కర్మాగారంలోనే అమర్చి కట్టడంతో నెగ్గుకొచ్చింది. రంపంతో కోయడం వేరు, లెక్కగట్టి కట్టడం వేరు.

సరే, ఫాల్కన్ మాట వచ్చింది కాబట్టి కథలోకి వస్తాను. ఎల్ కమీనో 1959లో 22,246 అమ్ముడైంది, ఆ ఏడాది రాంచెరోను దాటింది. 1960లో 14,163కు పడిపోయింది. పెద్ద బండి, ఎక్కువ ధర. పక్క షోరూములోనేమో చిన్నదీ చవకదీ అయిన ఫాల్కన్ రాంచెరో. షెవ్రొలే రెండేళ్లకే దుకాణం కట్టేసింది. 1961లో కోర్వేర్ అనే తన చిన్న కారు ఆధారంగా "ర్యాంప్‌సైడ్" అని ఒక వింత పికప్పు తెచ్చింది. ఇంజిన్ వెనక, ఎక్కించే తలుపు పక్కన. చక్కటి ఆలోచన, పట్టించుకున్నవారు తక్కువ.

1964లో మధ్యస్థాయి కారు "షెవెల్" వచ్చింది. దాని వ్యాగన్ మీద ఎల్ కమీనో మళ్లీ పుట్టింది, 115 అంగుళాల వీల్‌బేస్‌తో (ముందు, వెనక చక్రాల మధ్య దూరం). నా దృష్టిలో అసలు ఎల్ కమీనో ఇదే, 1959ది రిహార్సల్. మొదట ఆరు సిలిండర్ల ఇంజిన్లు, 283 ఘనపు అంగుళాల వి8 (ఎనిమిది సిలిండర్లది). తర్వాత 327. 1966లో 396 ఘనపు అంగుళాల పెద్ద ఇంజిన్ కూడా దూర్చారు. అక్కడి నుంచి దీనికి పిచ్చి పట్టింది.

డాలస్ రఘు

వేణు గారూ, 1968కి ఎప్పుడు వస్తారు? నాన్నగారు రోజూ సాయంత్రం "మీ వాళ్లు ఎంతవరకు వచ్చారు" అని అడుగుతున్నారు. గబ్బిలం రెక్కల బొమ్మ చూసి "దీంట్లో బస్తాలు వేస్తే రెక్కలు గీసుకుపోవూ?" అన్నారు.

వ్యాగన్ వేణు

వచ్చేశాను. 1968లో షెవెల్ రూపం మారింది. రెండు తలుపుల కారుకు 112 అంగుళాల వీల్‌బేస్, నాలుగు తలుపుల కారుకూ వ్యాగన్‌కూ 116. ఎల్ కమీనోకు రెండే తలుపులు, అయినా 116. చూశారా, ముఖం రెండు తలుపుల కారుది, నడుము వ్యాగన్‌ది. ఆ ఏడాది ఎస్ఎస్ 396 ప్రత్యేక మోడల్. 325, 350, 375 అశ్వశక్తులతో దొరికేది.

ఇప్పుడు మీకు పనికొచ్చే సంగతి. డ్రైవరు వైపు ముందు అద్దం అడుగున, డ్యాష్‌బోర్డు మీద చిన్న పలక ఉంటుంది. బయట నిలబడే చదవచ్చు. అందులో మొదటి అయిదు అంకెలు 13880 అయితే అది కర్మాగారం నుంచి ఎస్ఎస్‌గా వచ్చిన ఎల్ కమీనోయే. 13680 అయితే వి8 ఉన్న "కస్టమ్" అనే రకం. మంచి బండే కానీ ఎస్ఎస్ కాదు. 13480 అయితే ఇంకా సాదా రకం. చివరి 80 అంటే పికప్పు అని గుర్తు. ఈ పరీక్ష 1968కే చెల్లుతుంది సుమా. 1969లో ఎస్ఎస్‌ను ప్రత్యేక మోడల్‌గా తీసేసి అదనపు సరంజామాగా మార్చారు. అప్పటి నుంచి ఆ అంకెలు చూసి చెప్పలేం. పెట్రోలు ట్యాంకు మీదో సీటు స్ప్రింగుల్లోనో బండికి ఏమేం బిగించాలో రాసిన కర్మాగారం కాగితం ఇరుక్కుని దొరికితే అదే సాక్ష్యం. బిళ్లలూ చారలూ ఎవరైనా కొనుక్కొచ్చి అంటించవచ్చు.

ఆటోనగర్ మస్తాన్

అంకెలు వేణు గారు చెప్పారు, రేకు సంగతి నేను చెబుతాను. జేబులో ఒక అయస్కాంతం వేసుకెళ్లండి. చిన్నది చాలు, ఫ్రిజ్‌కు అంటించేదైనా సరే, గుడ్డలో చుట్టి. వెనక చక్రాల పైవంపు, తలుపుల కింది అంచు, తొట్టి మూలలు ఒక్కొక్కటీ తడమండి. రేకు మీద పట్టుకుంటుంది. లప్పం మీద జారిపడుతుంది. పైన రంగు ఎంత మెరిస్తే నాకు అంత అనుమానం. ఇలాంటి బండికి వెనక అద్దం అడుగునే నీళ్లు నిలుస్తాయని నా ఊహ. అద్దానికి కింద తొట్టి గోడ ఉంది కాబట్టి పోయే దారి ఉండదు.

వ్యాగన్ వేణు

బండి చూడకుండానే రోగం చెప్పారు భాయ్! ఎల్ కమీనో యజమానులందరూ ఏడ్చేది అక్కడే. వెనక అద్దం చుట్టూ కారిన నీరు సీటు వెనక గుంటలోకి దిగుతుంది. ఆ గుంట వ్యాగన్‌లో వెనక సీటువాళ్లు కాళ్లు పెట్టుకునే చోటు. తొట్టి నేల దాని మీదుగా పోవడంతో కింద ఖాళీ గది మిగిలిపోయింది. సరదాగా దాన్ని దొంగ రవాణా పెట్టె అంటారు. సీటు వంచి, వెనకున్న పలక తీసి, చెయ్యి లోపల పెట్టండి రఘు గారూ. తడిగా తగిలితే ధర తగ్గించమనండి.

నెల్లూరు కిరణ్

ఆలస్యంగా వచ్చాను. నా దగ్గర ఇసుజు వి-క్రాస్ ఉంది, శ్రీసిటీలో తయారైంది. లోపల కారులా, వెనక తొట్టి. ఇదీ ఎల్ కమీనో జాతే కదా? ఇంతకీ ఆ బండి ఎందుకు ఆగిపోయింది?

వ్యాగన్ వేణు

కిరణ్ గారూ, జాతి వేరు. మీది పుట్టుకతో పికప్పు, కారు సుఖాలు తర్వాత నేర్చుకుంది. ఎల్ కమీనో పుట్టుకతో కారు, బరువులు తర్వాత నేర్చుకుంది. మన దేశంలో మరీ విచిత్రం జరిగింది. టాటా 1988లో మొబైల్ 206 పికప్పు తెచ్చి, దాని మీదే 1991లో సియెరా, 1992లో ఎస్టేట్ అనే వ్యాగన్ కట్టింది. అక్కడ వ్యాగన్ కడుపున పికప్పు పుడితే, ఇక్కడ పికప్పు కడుపున వ్యాగన్ పుట్టింది.

ఇక పతనం. 1970లో ఇందులో 454 ఇంజిన్, 450 అశ్వశక్తి. ఇటుకలు మోయడానికి కాదని వేరే చెప్పాలా? మరుసటి ఏడాదే సీసం తక్కువ పెట్రోలుకు తగ్గట్టు ఇంజిన్ల కంప్రెషన్ తగ్గించారు. 1972లో అశ్వశక్తిని కొలిచే పద్ధతే మార్చడంతో అదే 454కు 270 అని రాయాల్సి వచ్చింది. కొంత నిజంగా తగ్గింది, కొంత కాగితం మీద తగ్గింది. 1971 నుంచి షెవ్రొలే సోదర సంస్థ జీఎంసీ కూడా ఇదే బండిని "స్ప్రింట్" పేరుతో అమ్మింది, 1978లో ఆ పేరు "కబయేరో" అయింది. 1973 నుంచి 1977 దాకా వచ్చినవి బాగా ఒళ్లు చేసినవి. వాటి గురించి నాకు పెద్దగా ఇష్టం లేదు, దాటేస్తాను. 1978లో షెవెల్ స్థానంలో వచ్చిన మాలిబుతో పాటు సన్నబడింది. వెనక తలుపు, వెనక బంపరు మాలిబు వ్యాగన్‌వే. ఫోర్డ్ 1979తో రాంచెరోకు స్వస్తి చెప్పింది. ఎల్ కమీనో ఒంటరిగా మిగిలింది.

సందేహాల సుబ్బు

ఒక్క నిమిషం. పక్కన కారు లేకపోతే ఈ బండి లేదన్నారు. వెనక చక్రాలతో నడిచే మాలిబు 1983లోనే ఆగిపోయింది. మరి 1987 దాకా ఎల్ కమీనో ఎలా బతికింది?

వ్యాగన్ వేణు

దొరికిపోయాను. మీ పేరుకు తగ్గ ప్రశ్న. మాలిబు పోయినా అదే ఛాసిస్ కుటుంబానికి చెందిన షెవ్రొలే కారు మాంటె కార్లో అప్పటికి ఇంకా నడుస్తోంది. ఆ చెట్టు నీడలో మరో నాలుగేళ్లు నెట్టుకొచ్చింది. 1985 నుంచి తయారీ మెక్సికోకు తరలింది. 1987లో మిగిలిపోయిన 420 బండ్లను 1988 మోడల్ అని అమ్మారు. అప్పటికి అమెరికా కార్లన్నీ ముందు చక్రాలతో నడిచేవిగా మారిపోతున్నాయి. మాంటె కార్లో కూడా వెళ్లిపోతోంది. కొత్త కార్ల మీద పికప్పు కట్టే ఓపిక ఎవరికీ లేదు, ఎందుకంటే ఆ పని చేసే చిన్న పికప్పు ఎస్-10 1982 నుంచే షెవ్రొలే షోరూములో ఉంది.

కిరణ్ గారికి ఇంకో ముచ్చట. ఎస్-10 కంటే ముందు, 1972 నుంచి, షెవ్రొలే "లవ్" అనే చిన్న పికప్పు అమ్మింది. అది జపాన్‌లో ఇసుజు చేసింది. మీ వి-క్రాస్‌కు ముత్తాత వరస. మీది ఎల్ కమీనో జాతి కాకపోగా, దాని అన్నం లాక్కున్నవాళ్లలో మీ బండి ముత్తాత కూడా ఉన్నాడు!

నెల్లూరు కిరణ్

మా ముత్తాత తరఫున క్షమాపణలు. అంత దూరం నుంచి తెచ్చి చవకగా ఎలా అమ్మారు? పన్ను లేదా?

వ్యాగన్ వేణు

ఎందుకు లేదు, "కోడి పన్ను" ఉంది! అమెరికా కోళ్ల మీద యూరప్ సుంకం పెంచిందని, 1964 నుంచి అమెరికా దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం వేసింది. కోళ్ల గొడవలో ట్రక్కులు ఇరుక్కున్నాయి. దానికో సందు దొరికింది. తొట్టి లేకుండా క్యాబిన్, ఛాసిస్ మాత్రమే తెస్తే సుంకం చాలా తక్కువ. తొట్టి ఇక్కడ దిగాక బిగించుకునేవారు. 1980లో ఆ సందు మూశారు. జపాన్ కంపెనీ సుబారు వారు మరీ ఘనులు. తమ "బ్రాట్" తొట్టిలో రెండు ప్లాస్టిక్ సీట్లు వెనక్కి తిప్పి బిగించి, ఇది ట్రక్కు కాదు ప్రయాణికుల బండి అన్నారు.

మెల్‌బోర్న్ మాధవి

మా యూట్ మీ ఎల్ కమీనో తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు బతికింది, అది మరిచిపోకండి. ఫోర్డ్ ఫాల్కన్ యూట్ 2016 జూలై దాకా. ఇక్కడి కార్ల కంపెనీ హోల్డెన్ మరుసటి ఏడాది అక్టోబరులో ఇక్కడ కార్ల తయారీయే ఆపేసింది. పాంటియాక్ అనే అమెరికా బ్రాండు పేరుతో హోల్డెన్ యూట్‌ను అమెరికాకు పంపాలని కూడా అనుకున్నారు. 2009 మొదట్లో అదీ రద్దయింది. ఇప్పుడు రోడ్డు మీద కనబడేవన్నీ ఎత్తు పికప్పులే. నిచ్చెన వేసుకుని బస్తా ఎక్కించాలి.

డాలస్ రఘు

శనివారం వెళ్లొచ్చాం, నాన్నగారు కూడా వచ్చారు. ముదురాకుపచ్చ రంగు, నల్లటి చారలు, దూరం నుంచి చూస్తే గుండె ఆగింది. పెద్దాయన మంచివారు, కాఫీ ఇచ్చారు. నేను కాఫీ కప్పుతోనే అద్దం దగ్గరికి వెళ్లి వంగి చూశాను. 13680.

వెంటనే అనలేదు. మస్తాన్ భాయ్ చెప్పినట్టు ఫ్రిజ్ మీది వెంకటేశ్వరస్వామి అయస్కాంతం తెచ్చుకున్నాను. తలుపుల మీద పట్టింది. కుడివైపు వెనక చక్రం మీద రెండు చోట్ల జారింది. నాన్నగారు కింద పడకుండా పట్టుకుని కళ్లకద్దుకున్నారు. సీటు వంచి పలక తీసి చెయ్యి పెట్టాను. కార్పెట్ ముక్క తడిగా ఉంది, చేతికి తుప్పు పొడి అంటుకుంది. లోపల 1970ల నాటి పైసలు, ఒక పిల్లల బొమ్మ కారు చక్రం కూడా దొరికాయి. పెద్దాయనకు ఇస్తే ఆ చక్రాన్ని చాలాసేపు చూశారు. తన కొడుకుదట.

అంకెల సంగతి మెల్లగా చెప్పాను. ఆయనకు నిజంగా తెలియదు, తానూ ఎస్ఎస్ అనుకునే కొన్నారు. కస్టమ్ వి8కు ఎంత అవుతుందో అందులోంచి రేకు పనికి కొంత తగ్గించి ఒక ధర చెప్పాను. ఆలోచించుకుని ఫోను చేస్తానన్నారు. ఈలోగా నాన్నగారు వెనక తలుపు దించి, దాని మీద కూర్చుని, కాళ్లు ఊపుతూ కాఫీ పూర్తిచేశారు. "ఎస్ఎస్ లేకపోతే ఏమిరా, ఎత్తు సరిగ్గా ఉంది" అన్నారు.

ఆటోనగర్ మస్తాన్

స్వామి బిళ్ల జారిన రెండు చోట్లా ఫొటోలు పెట్టండి రఘు గారూ. ముక్క కోసి వేయాలో, ప్యాచ్ సరిపోతుందో చూసి చెబుతాను.

డాలస్ రఘు

ఫొటోలు రేపు పెడతాను భాయ్. ఇప్పుడే ఫోను మోగుతోంది.